ఆరు చుక్కల అక్షరదాత లూయీ బ్రెయిలీ

మన మేత్రాసన శతవార్షికోత్సవ శుభసందర్భమున గడచిన నూరు సంవత్సరములలో దేవుడు మనకు చేసిన మేళ్ళను తలచుకొని కృతజ్ఞతలు చెల్లించుకొంటున్నాము. ఆ మేళ్ళలో చదువు మొదటి వరుసలో నిలుస్తుంది. మన విచారణలలో గుడి లేచిన చోట చాలవరకు ప్రక్కనే బడి కూడ లేచినది. తాటాకు పాకలో, చెట్టు నీడలో, కొన్నిచోట్ల గుడి వసారాలోనే అక్షరాభ్యాసము జరిగినది. అంతకు ముందు ఏ తరములోను పలక పట్టని కుటుంబముల పిల్లలు ఆ బడులలో చదివి ఉపాధ్యాయులు, నర్సులు, గుమాస్తాలు, గురువులు, మఠకన్యలు అయ్యారు. ఇందుకు మనము సంతోషించుట న్యాయమే.

అయితే బిడ్డను బడి గడప దాటించుటతో పని సగమే అవుతుంది. లోపల కూడ కొందరు పిల్లలకు మరొక తలుపు మూసి ఉంటుంది. ఆ తలుపు మనకు కనబడదు. కనబడదు గనుక తప్పు బిడ్డదే అనుకొంటాము. బుద్ధి మందమంటాము, శ్రద్ధ లేదంటాము. బడి లోపల మూసి ఉన్న అట్టి తలుపును ఒక విద్యార్థి తానే తడిమి, కనుగొని, తన వంటి వారందరికొరకు తెరిచిన వృత్తాంతమును ఈ సంచిక చదువరుల ముందుంచవలెనని నా కోరిక. ఆయన పేరు లూయీ బ్రెయిలీ. ఆయన పేరుతో పిలువబడే లిపిని ఎరుగనివారు అరుదు. ఆయన జీవితమును ఎరిగినవారు మాత్రము మనలో కొద్దిమందే.

జీనుల అంగడి

ఫ్రాన్సు దేశములో పారిసు నగరమునకు తూర్పున సుమారు 40 కిలోమీటర్ల దూరములో కూవ్రే అనే చిన్న గ్రామమున్నది. అక్కడ 1809 జనవరి 4వ తేదీన లూయీ జన్మించాడు. తండ్రి సిమోన్ రెనె, తల్లి మోనిక్. నలుగురు పిల్లలలో లూయీ కడగొట్టువాడు. పుట్టిన నాలుగు రోజులకే జ్ఞానస్నానము పొందాడు. తండ్రి గుర్రములకు జీనులు, కళ్ళెములు, పట్టెడలు కుట్టే పనివాడు. చేతి పనితోను, కొద్దిపాటి పొలముతోను గౌరవముగా బ్రతికే కుటుంబము వారిది.

1812లో, లూయీకి మూడేండ్ల ప్రాయమప్పుడు, తండ్రి అంగడిలో ఆడుకొంటూ తోలుకు బెజ్జములు వేసే ఆరెను చేతికి తీసుకొన్నాడు. తండ్రి చేసే పనిని తానూ చేయబోయాడు. గట్టి తోలుమీద ఆరె జారి ఒక కంటిలో గుచ్చుకొన్నది. సూక్ష్మజీవుల సంగతి వైద్యులకు తెలియని కాలమది. ఆ కన్ను చీము పట్టి పోగా, ఆ దోషము రెండవ కంటికి ప్రాకినది. అయిదేండ్లు వచ్చేనాటికి బాలునికి లోకమంతా చీకటి అయినది.

ఆనాడు అంధబాలుని గతి ఏమిటో చెప్పనక్కరలేదు. ఉన్నవారి బిడ్డ అయితే ఇంటిలో ఒక మూల కూర్చోవలెను. లేనివారి బిడ్డ అయితే గుడి మెట్లమీద చేయి చాపవలెను. కాని లూయీ తలిదండ్రులు అట్లు తలవంచలేదు. తండ్రి కర్ర కోసి ఇచ్చాడు. ఆ కర్రతో బాలుడు గ్రామమంతా తిరగడము నేర్చుకొన్నాడు. తండ్రి చెక్కమీద మేకులు అక్షరముల ఆకారములో కొట్టి ఇవ్వగా బాలుడు వేళ్ళతో తడిమి అక్షరములు గుర్తు పట్టేవాడని చెబుతారు.

విచారణ గురువు చూపిన దారి

అవి నెపోలియన్ చక్రవర్తి యుద్ధముల చివరి దినములు. పరదేశపు సైనికులు కూవ్రేలో దిగి, గ్రామస్థుల ధాన్యమును, పశువులను, ఇండ్లను వాడుకొన్నారు. అట్టి కష్టకాలములో, 1815లో, జాక్ పల్యూయి అనే గురువు ఆ విచారణకు వచ్చారు. అంధుడైన ఈ బాలుని చురుకుతనమును ఆయన గమనించారు. తన నివాసమునకు పిలిపించుకొని వేదకథలు చెప్పారు. పూలను వాసనతోను, పక్షులను కూతతోను, ఋతువులను గాలితోను గుర్తించుట నేర్పారు.

కొంతకాలమునకు ఆయనకు ఒక సంగతి బోధపడినది. ఈ బాలునికి తాను చెప్పే కథలు చాలవు, బడి కావలెను. గ్రామ బడి ఉపాధ్యాయుడు ఆంత్వాన్ బెషరే వద్దకు వెళ్ళి, లూయీని చేర్చుకోవలసినదిగా కోరారు. ఏ నియమము ప్రకారము అంధుని చేర్చుకోవలెనని ఆ ఉపాధ్యాయుడు అడుగవచ్చును. ఆయన అట్లు అడుగలేదు, చేర్చుకొన్నాడు. ఇరుగుపొరుగు పిల్లవాడు చేయి పట్టుకొని బడికి తీసుకొని వెళ్ళేవాడు. లూయీ మాట విని మనస్సులో నిలుపుకొనేవాడు. నోటి లెక్కలలో ముందుండేవాడు. కాని ఇతర పిల్లలు పుస్తకము తెరవగానే అతడు ఊరక కూర్చోవలసి వచ్చేది.

పారిసులో అంధబాలలకొరకు ఒక రాజ పాఠశాల ఉన్నదని తెలిసి, గురువు పల్యూయి ఆ ప్రాంతపు జమీందారైన ఒర్విలియే ప్రభువును ఆశ్రయించారు. ఆయన సిఫారసుతో లూయీకి విద్యార్థి వేతనము లభించినది. 1819 ఫిబ్రవరి 15వ తేదీన, పదేండ్ల లూయీ తండ్రితో కలిసి బండి ఎక్కి పారిసు చేరాడు. ఒక విచారణ గురువు, ఒక పల్లెటూరి ఉపాధ్యాయుడు, ఒక ధనవంతుడు ఎవరి వంతు వారు చేసినందున ఈ ప్రయాణము సాధ్యమైనది. వీరిలో ఎవ్వరికీ తాము లోకమునకు ఎంత మేలు చేస్తున్నారో తెలియదు. వారికి తెలిసినది ఒక్కటే, ఈ బిడ్డకు చదువు కావలెను.

వాలెంటీన్ ఆవీ పాఠశాల

ఆ పాఠశాలకు ఒక చరిత్ర ఉన్నది. 1771లో పారిసులోని ఒక తిరునాళ్ళలో కొందరు అంధులకు వింత వేషములు వేసి, పెద్ద పెద్ద కళ్ళజోళ్ళు తగిలించి, వాద్యములు వాయించుడని కూర్చుండబెట్టారు. చూచువారు పగలబడి నవ్వారు. ఆ గుంపులో ఉన్న వాలెంటీన్ ఆవీ అనే యువకుడు మాత్రము నవ్వలేకపోయాడు. వీరికి చదువు నేర్పుతానని మనస్సులో నిశ్చయించుకొన్నాడు. తరువాత 1784లో, గుడి వాకిట బిచ్చమెత్తుకొనే ఫ్రాన్స్వా లెస్యూర్ అనే అంధ యువకుని మొదటి శిష్యునిగా తీసుకొన్నాడు. చదువుకొనే గంటలలో బిచ్చము పోతుంది గనుక ఆ నష్టమును తానే చెల్లించాడు. పేద బిడ్డ బడికి రావలెనంటే ఇంటికి వచ్చే కూలి నష్టమును ఎవరో ఒకరు తలచవలెనను సత్యమును ఆనాడే ఎరిగిన మహనీయుడాయన. ఆ ఆరంభము నుండి లోకములోనే మొదటి అంధుల పాఠశాల ఏర్పడినది.

లూయీ చేరేనాటికి ఆ పాఠశాల ఒక పాత సెమినరీ భవనములో ఉండేది. పూర్వము పునీత విన్సెంట్ డి పాల్ వారు తన గురువుల సభను ఆరంభించిన స్థలమది. స్థలము పవిత్రమే గాని భవనము మాత్రము చెమ్మగిల్లి, చీకటిగా, ఇరుకుగా ఉండేది. అనేకమంది పిల్లలు అక్కడ జబ్బు పడ్డారు. తరువాత లూయీని బలిగొన్న క్షయవ్యాధికి అక్కడి చెమ్మయే కారణమని పలువురి అభిప్రాయము.

పుస్తకముల సంగతి ఎట్లుండేదో చూడుడు. ఆవీ గారు తడి కాగితమును పెద్ద అచ్చు అక్షరములమీద ఒత్తి, అక్షరము ఉబ్బి కనబడునట్లు చేశారు. పిల్లలు ఆ ఉబ్బును వ్రేలితో తడిమి చదవవలెను. ఒక్కొక్క అక్షరము చుట్టూ వ్రేలు త్రిప్పి, ఇది ఫలానా అక్షరమని తెలిసి, మరల తరువాతి అక్షరమునకు పోవలెను. వాక్యము చివరికి వచ్చేసరికి మొదలు మరచిపోయేవారు. పుస్తకములు మోయలేనంత బరువు, ఖర్చు అధికము, కనుక బడిలో ఉన్నవి కొద్ది పుస్తకములే. అన్నిటికంటె పెద్ద లోటు మరొకటి. ఆ పద్ధతిలో పిల్లవాడు తన చేతితో ఏమియు వ్రాసుకోలేడు. పాఠము వ్రాసుకొనుటకు వీలులేదు, ఇంటికి ఉత్తరము వ్రాయుటకు వీలులేదు.

ఈ పద్ధతిని చేసినవారు దయగలవారే. అయినను అక్షరముల ఆకారము వారి కండ్లకు అనుకూలమైనది, పిల్లల వ్రేళ్ళకు కాదు. చూపుగల ఉపాధ్యాయుడు చదువగలిగిన అక్షరమే అక్షరమని వారు తలంచారు. ఇది ఎవరి దుర్మార్గమూ కాదు. పిల్లవాని వ్రేలిని ఎవ్వరూ అడుగలేదు, అంతే.

బార్బియే చుక్కలు

1821లో షార్ల్ బార్బియే అనే మాజీ సైనికాధికారి ఒక క్రొత్త పద్ధతిని పాఠశాలకు తెచ్చాడు. అందులో గీతలు లేవు, ఉబ్బెత్తు చుక్కలు మాత్రమే ఉన్నవి. రెండు నిలువు వరుసలలో, ఒక్కొక్క వరుసకు ఆరు వరకు చుక్కలు. ఆ చుక్కల సంఖ్యను బట్టి ఒక్కొక్క శబ్దమును గుర్తించవలెను. మొనదేలిన చిన్న పనిముట్టుతో కాగితముమీద పొడిస్తే చుక్క లేస్తుంది. పిల్లలకు అది పండుగవలె తోచినది. మొదటి పర్యాయము తమ చేతితో తాము వ్రాసుకొనగలిగారు.

పన్నెండేండ్ల లూయీ దానిని కొద్దికాలములోనే నేర్చుకొన్నాడు, నేర్చుకొన్న కొలది లోపములు కనుగొన్నాడు. గుర్తు మరీ పొడుగు, వ్రేలికొన క్రింద ఒక్కసారిగా ఇమడదు. వ్రేలు క్రిందికీ మీదికీ కదలవలెను. అంతకంటె ముఖ్యమైనది, ఆ పద్ధతి శబ్దములకే గాని అక్షరములకు కాదు. దానితో మాటల సరియైన వర్ణక్రమము రాదు. విరామ చిహ్నములు లేవు, అంకెలు లేవు, సంగీతపు గుర్తులు లేవు. అంధులకు ఏదో కొంత వ్రాత వస్తే చాలునన్నట్లు ఉన్నది ఆ ఏర్పాటు. లూయీకి కొంత చాలదు. చూపుగల పిల్లవాడు ఏమి చదువుతాడో అదంతా తనకు కావలెను.

ఈ సంగతి మనము గుర్తుంచుకోదగినది. వెనుకబడిన బిడ్డకు మనము చేసే సహాయములో తరచుగా ఒక తక్కువ అంచనా దాగి ఉంటుంది. వీడికి ఇంత చాలునని ముందే గీత గీస్తాము. ఆ గీతను ఒప్పుకొనక పోవుటలోనే లూయీ గొప్పతనమున్నది.

బాలుడు సూచించిన మార్పులు బార్బియేకు నచ్చలేదు. ఆయన తన పద్ధతిని విడువలేదు. లూయీ వాదించలేదు గాని పని మానలేదు. పగలు పాఠములు, రాత్రి అందరూ నిద్రించిన పిమ్మట కాగితము, పొడిచే పనిముట్టు. సెలవులలో కూవ్రే వెళ్ళినప్పుడు కూడ అదే పని. తన చూపును తీసికొనిన ఆరె వంటి మొనదేలిన పనిముట్టే ఇప్పుడు అతని చేతిలో కలమైనది.

ఆరు చుక్కల అమరిక

1824 నాటికి, పదునైదేండ్ల వయస్సులో, లూయీ తన పద్ధతిని ఒక రూపమునకు తెచ్చాడు. పన్నెండు చుక్కలను ఆరుకు తగ్గించాడు. రెండు నిలువు వరుసలు, వరుసకు మూడు చుక్కలు. ఈ ఆరును గూర్చిన గుర్తు మొత్తము వ్రేలికొన క్రింద ఒకేసారి ఇముడుతుంది. ఏ చుక్కలు ఉన్నవి, ఏవి లేవు అనుదానిని బట్టి 63 వేర్వేరు గుర్తులు ఏర్పడుతవి. ఫ్రెంచి అక్షరములలో మొదటి పదింటికి పై నాలుగు చుక్కలనే వాడాడు. తరువాతి పదింటికి అవే గుర్తులకు ఎడమ ప్రక్క అడుగు చుక్కను చేర్చాడు. ఆ తరువాతి వాటికి అడుగున రెండు చుక్కలను చేర్చాడు. పది గుర్తులు వచ్చినవానికి మిగిలినవి సులభముగా వస్తవి. అంకెలకు, విరామ చిహ్నములకు, సంగీతమునకు కూడ ఈ ఆరు చుక్కలే చాలినవి.

వ్రాయుటకు కాగితమును ఒక చట్రములో బిగించి, కుడి నుండి ఎడమకు పొడుచుకొంటూ పోవలెను. కాగితము త్రిప్పితే చుక్కలు ఉబ్బి, ఎడమ నుండి కుడికి చదువుటకు వీలగును. పేద పిల్లవానికి కూడ అందుబాటులో ఉండే సాధనమిది.

1829లో ఈ పద్ధతిని వివరించే పుస్తకమును పాఠశాల ప్రచురించినది. విచిత్రమేమంటే ఆ పుస్తకము పాత ఉబ్బెత్తు అక్షరములతోనే అచ్చయినది. తన పద్ధతికి మూలము బార్బియే గారి చుక్కలేనని అందులో లూయీ వినయముగా ఒప్పుకొన్నారు. తనను కాదన్నవారి ఋణమును దాచలేదు. 1837లో సవరించిన రెండవ ముద్రణ వెలువడినది. అదే సంవత్సరము ఆయన లిపిలో ఫ్రాన్సు దేశ చరిత్ర పుస్తకము మూడు భాగములుగా సిద్ధమైనది.

ఉపాధ్యాయుడు, ఆర్గన్ వాద్యకారుడు

1828లో లూయీ అదే పాఠశాలలో సహాయోపాధ్యాయులై, 1833లో పూర్తి ఉపాధ్యాయులయ్యారు. వ్యాకరణము, చరిత్ర, భూగోళము, గణితము, సంగీతము బోధించారు. పిల్లలను గద్దించక, ఓర్పుతో తక్కువ మాటలలో విషయమును బోధపరచేవారని ఆయనను ఎరిగినవారు చెప్పారు. ప్రారంభ దశలోని విద్యార్థులకొరకు గణితముపై చిన్న పుస్తకము కూడ వ్రాశారు. పారిసులోని పునీత నికోలాసు దేవాలయములో ఆర్గన్ వాయించి దివ్యపూజలో పాలు పొందేవారు.

ఆయన జీతము స్వల్పము. ఆ స్వల్పములోనే పేద విద్యార్థులకు అప్పులిచ్చేవారు, దుస్తులు కొనేవారు. ఒక దేవాలయములో ఆర్గన్ వాయించే ఉద్యోగమును తన కంటె అవసరములో ఉన్న ఒక శిష్యునికి విడిచిపెట్టారు.

1839లో మరొక పని చేశారు. అంధ విద్యార్థులు తమ లిపిలో వ్రాసిన ఉత్తరమును ఇంటిలోని తల్లి చదువలేదు. కనుక చుక్కలతోనే మామూలు అక్షరముల ఆకారము వచ్చే ఇంకొక పద్ధతిని రూపొందించారు. అదే పాఠశాలలో చదివిన పియేర్ ఫూకో అనే అంధ మిత్రుడు అందుకు ఒక యంత్రమును కూడ చేసిపెట్టాడు. బడి నుండి ఇంటికి దారి కావలెనని ఆయన తలంపు.

నిషేధపు దినములు

ఇంత మేలైన లిపిని పాఠశాల వెంటనే ఆదరించి ఉండునని మనము అనుకొంటాము. అట్లు జరుగలేదు. డైరెక్టరుగా ఉన్న పిన్యే గారు లూయీని ప్రోత్సహించారు. 1840లో ఆయనను తొలగించి, ద్యూఫో అనే మరొకరిని ఆ స్థానమున ఉంచారు. ఈ చుక్కలు చూపుగలవారు చదువలేరనియు, ఇవి అంధులను లోకమునుండి వేరు చేయుననియు ద్యూఫో గారి భయము. ఆయన మరొక విధమైన ఉబ్బెత్తు అక్షరములను తెప్పించి, చుక్కల లిపిని ప్రక్కకు నెట్టారు. పాత పుస్తకములను కాల్చివేశారని కూడ చెబుతారు.

అప్పటికి లూయీకి క్షయ ముదిరినది. దగ్గు, రక్తము, నీరసము. తరచుగా కూవ్రే వెళ్ళి విశ్రాంతి తీసికొనవలసి వచ్చేది. తాను పదేండ్ల వయస్సులో అడుగుపెట్టిన బడిలోనే తన లిపికి చోటు లేకపోవుటను ఆయన చూడవలసి వచ్చినది. అయినను పిల్లలు దానిని విడువలేదు. పెద్దలకు తెలియకుండ, దొరికిన మొనదేలిన వస్తువుతో చుక్కలు పొడుచుకొంటూ, చిన్నవారికి పెద్దవారు నేర్పారు. తమకు నిజముగా ఉపయోగపడు దానిని పిల్లలు ఎరుగుదురు.

చివరకు సహాయాధికారి జోసెఫ్ గ్వాదే ఈ సంగతిని గమనించి, ద్యూఫో గారి మనస్సు మార్చారు. తన పొరపాటును ఒప్పుకొనుట ఒక అధికారికి సులభము కాదు. ద్యూఫో గారు ఒప్పుకొన్నారు. అందుకు వారిని కూడ మెచ్చుకోవలెను. 1844 ఫిబ్రవరి 22న పాఠశాల క్రొత్త భవనము ప్రారంభోత్సవములో, ప్రజలందరి యెదుట ఈ లిపిని వివరించి చూపారు. ఒక బాలుడు చెప్పిన పద్యమును చుక్కలలో వ్రాయగా, అప్పటివరకు గదిలో లేని మరొక బాలుడు వచ్చి వ్రేళ్ళతో తడిమి గడగడ చదివాడు. లూయీ అప్పుడు 35 ఏండ్లవారు, వ్యాధితో క్రుంగియున్నారు. ఆ దినము ఆయన లిపికి బడిలో తిరిగి స్థానము దొరికినది.

ముగ్గురు రాజుల పండుగనాడు

1851 డిసెంబరులో వ్యాధి ఒక్కసారిగా పెరిగినది. ఆయన ఆఖరు దేవద్రవ్య అనుమానములను పొంది సిద్ధపడ్డారు. 1852 జనవరి 6న, ముగ్గురు రాజులు నక్షత్రపు వెలుగులో దివ్యబాలుని దర్శించిన పండుగనాడు, మిత్రుల మధ్య ప్రభువునందు నిద్రించారు. నలువది మూడవ జన్మదినము జరిగి రెండే రోజులైనది. తనకు బాకీ ఉన్నవారి పత్రములుగల పెట్టెను తెరువక కాల్చివేయవలెనని ముందే కోరియున్నారు. పారిసు పత్రికలు ఆయన మరణవార్తను ప్రకటించలేదు. స్వగ్రామమైన కూవ్రేలో ఆయనను సమాధి చేశారు.

ఫ్రాన్సు ప్రభుత్వము ఆయన లిపిని అధికారికముగా స్వీకరించినది 1854లో, అనగా ఆయన గతించిన రెండేండ్లకు. 1878లో పారిసులో జరిగిన అంతర్జాతీయ సభ అంధుల చదువుకు ఈ లిపియే తగినదని నిర్ణయించినది. 1952లో, ఆయన మరణించిన నూరేండ్లకు, ఫ్రాన్సు దేశము ఆయన అస్థికలను తన మహాపురుషుల మందిరమైన పాంథియన్‌కు తీసికొని వెళ్ళినది. చేతుల ఎముకలను మాత్రము కూవ్రే గ్రామమునకే విడిచిపెట్టినది. ఆ చేతులే గదా లోకమునకు లిపిని ఇచ్చినవి!

మన దేశమునకు వచ్చిన వెలుగు

మన దేశములో అంధుల చదువుకు మొదట పూనుకొన్నవారిలో మిషనరీలు ముఖ్యులు. ఆనీ షార్ప్ అనే మిషనరీ సోదరి 1887లో అమృతసరులో అంధులకొరకు పాఠశాల ప్రారంభించినది. తరువాత ఒక్కొక్క ప్రాంతములో ఒక్కొక్క విధముగా చుక్కల లిపిని వాడుచుండుటచే కలిగిన గందరగోళమును తొలగించుటకు 1951లో భారతీ బ్రెయిలీ అను ఉమ్మడి లిపి ఏర్పడినది. అందులో ఒకే శబ్దమునకు అన్ని భారతీయ భాషలలోను దాదాపు ఒకే గుర్తు. మన తెలుగు అకారమునకు ఎడమ ప్రక్క పై చుక్క ఒక్కటే. కకారమునకు ఎడమ వరుసలో పై చుక్క, అడుగు చుక్క. కూవ్రే బాలుడు తన భాషలో ఆ శబ్దములకు పెట్టిన గుర్తులే ఇవి. అనగా మన తెలుగు బిడ్డ వ్రేలు నేడు తడుముతున్నది ఆయన అమరికనే.

2009లో, ఆయన పుట్టిన రెండు వందల ఏండ్ల సందర్భమున, మన ప్రభుత్వము ఆయన స్మారకముగా రెండు రూపాయల నాణెమును వెలువరించినది. జనవరి 4వ తేదీని ఐక్యరాజ్య సమితి ప్రపంచ బ్రెయిలీ దినముగా ప్రకటించగా, 2019 నుండి లోకమంతట ఆ దినము ఆచరింపబడుచున్నది. 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టము ఆరు నుండి పదునెనిమిది ఏండ్ల వరకు, నిర్ణీత స్థాయి వైకల్యముగల బిడ్డలకు ఉచిత విద్యను హక్కుగా చేసినది. చట్టము తలుపు తెరుస్తుంది. చేయి పట్టుకొని లోపలికి తీసికొని వెళ్ళుటకు మనుష్యులు కావలెను.

మన బడులు, మన పిల్లలు

ఈ వ్యాసమును నేను వ్రాయుటకు ఒక కారణమున్నది. దానిని చెప్పక ముగించుట న్యాయము కాదు. ఉపాధ్యాయుడుగా పనిచేసిన తొలి దినములలో నా తరగతిలో ఒక బాలిక ఉండేది. కూలి చేసుకొని బ్రతికే వారి బిడ్డ. వెనుక బల్లపై కూర్చుండి, నల్లబల్లమీద నేను వ్రాసినది చూచి వ్రాయక, ప్రక్క పిల్ల పలక చూచి ఎక్కించుకొనేది. కాపీ కొడుతున్నదని ఎన్నోసార్లు నిలబెట్టాను, ఒకటి రెండు పర్యాయములు కొట్టాను. ఆ బిడ్డ ఏనాడూ ఏమియు చెప్పలేదు. మరుసటి సంవత్సరము ఊరిలో కంటి వైద్య శిబిరము జరిగినప్పుడు తెలిసినది, ఆమెకు నల్లబల్ల కనబడదు. కళ్ళజోడు వచ్చిన తరువాత ఆ బాలిక ముందు బల్లకు వచ్చినది. బుద్ధి ఆమెకు ఎప్పుడూ ఉన్నది. లోపము నా విచారణలో ఉన్నది. కనబడుచున్నదా అమ్మా అని ఒక్క మాట నేను అడిగియుండలేదు.

అందుచేత లూయీ బ్రెయిలీ జీవితములో నన్ను ఎక్కువగా కదిలించునది ఆయన మేధాశక్తి మాత్రమే కాదు. ఆయన చుట్టూ ఉన్నవారు రెండు రకములుగా ఉండుట. ఒక వర్గమువారు మంచి మనస్సుతోనే వచ్చి, తమకు తోచిన మేలు చేసి, పిల్లవానికి అది సరిపోవునా లేదా అని అడుగనివారు. రెండవ వర్గమువారు గురువు పల్యూయి, ఉపాధ్యాయుడు బెషరే, గ్వాదే వంటివారు. పిల్లవానిని చూచి, విని, వానికి కావలసినది ఏమిటో కనుగొనినవారు. మనలో ప్రతి తల్లి, తండ్రి, ఉపాధ్యాయుడు, ఉపదేశి ఈ రెంటిలో ఏ వర్గములో ఉన్నాడో తన్ను తాను పరీక్షించుకొనుట మేలు.

ప్రియ పాఠకులారా, మన విచారణలలో నేటికిని చదువులో వెనుకబడిన పిల్లలున్నారు. కొందరికి చూపు చాలదు, కొందరికి వినికిడి చాలదు. కొందరు ఖాళీ కడుపుతో వచ్చి తల వాల్చుదురు. కొందరి ఇండ్లలో మాట్లాడే భాష వేరు, పుస్తకములోని భాష వేరు. కొందరు ఆడపిల్లలు ఇంటి పని ముగించి ఆలస్యముగా వచ్చి మందలింపు తినుచున్నారు. వీరందరికి ఒకే మందు లేదు. కాని మొదటి మెట్టు ఒక్కటే. బిడ్డను ప్రక్కన కూర్చుండబెట్టుకొని, నీకేది అడ్డముగా ఉన్నదని అడుగుట, చెప్పినది ఓపికగా వినుట. పిమ్మట కళ్ళజోడు కావలెనా, ముందు బల్ల కావలెనా, ఒక పూట అన్నము కావలెనా, సాయంత్రము ఒక గంట చదువు చెప్పువారు కావలెనా అనునది తెలుస్తుంది. ఇవి గొప్ప నిధులు కావలసిన పనులు కావు. ప్రతి విచారణలోను విశ్రాంత ఉపాధ్యాయులున్నారు, చదువుకొన్న యువకులున్నారు, మరియదళ సోదరీమణులున్నారు.

సువార్తలో యెరికో పట్టణపు దారి ప్రక్కన కూర్చున్న బర్తిమయిని మనమెల్లరము ఎరుగుదుము. అతడు కేకలు వేయగా గుంపు వానిని ఊరకుండుమని గద్దించినది. క్రీస్తు ప్రభువు మాత్రము నిలిచి, వానిని దగ్గరకు పిలిపించి, ఏమి చేయగోరుచున్నావని వానినే అడిగారు. వాడు అంధుడని చూచువారందరికి తెలుసు, ప్రభువునకు ఇంకను బాగుగా తెలుసు. అయినను అడిగారు. ఆ ప్రశ్నలో ఆ పేదవానికి గౌరవమున్నది.

రాబోవు నూరేండ్లలో మన మేత్రాసనము ఇంకను అనేక బడులను కట్టునుగాక. ఆ బడులలో చివరి బల్లమీద కూర్చున్న బిడ్డ వద్ద కూడ ప్రభువువలె నిలిచి, అడిగి, వినే మనస్సును దేవుడు మనకందరకు దయచేయునుగాక. ఆమెన్.